అప్‌డేట్: ఇల్లు అమ్మే టీచరమ్మకు రాసిన ఉత్తరం సంగతి

నల్గొండల పాత డాబా ఇల్లు కొనేటందుకు ఇంటామెకు ఉత్తరం రాయాల్నా, రాస్తే ఏం రాయాలె అని ఇక్కడ అడిగిన. ఆమె రిటైర్డ్ టీచర్. ఒక బిల్డర్ మాకంటే ఎక్కువిస్తనన్నడు. మొత్తానికి రిజిస్ట్రేషన్ మా పేరు మీదనే అయింది. జవాబులిచ్చినోళ్లందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది "పొగడ్తలొద్దు, లెక్క రాయి" అన్న సలహా. చేత్తోనే రాసిన: బయానా ఎంత, బ్యాంకు లోన్ పైసలు ఎప్పుడొస్తయి, దసరా దాకా మీరు కిరాయి లేకుండ ఉండొచ్చు, షాబాద్ బండల అరుగు పగలగొట్టం. ఆమె కండ్లద్దాలు పెట్టుకుని దసరా లైను మీద వేలు పెట్టి, "ఇది అగ్రిమెంటుల కూడ రాపియ్యి బిడ్డా" అన్నది. పనిలో పనిగా ఒక ఒత్తు కూడ దిద్దింది, టీచరమ్మ కదా! రేటు మాత్రం మేం కొంత పెంచాల్సొచ్చింది. ఉత్తరంతోటి ధర తగ్గుతదనుకోకుండ్రి.

అసలు చిక్కు వేరే. ఇల్లు చనిపోయిన సారు, అంటే ఆమె భర్త పేరు మీదుంది, వీలునామా లేదు. వకీలు ఈసీ (ఇంటి మీద అప్పులు, రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు చేతులు మారిన కాగితాలు) చూసి, ఆమె సంతకం ఒక్కటే చాలదు, కొడుకు, పెండ్లయిన బిడ్డలు కూడ పెట్టాలన్నడు. పెద్దబిడ్డ సూరత్ నుంచి వచ్చేదాక ఆగినం.

అమెరికాల ఓరెగాన్ రాష్ట్రం ఇసొంటి ఉత్తరాలతోటి వివక్ష వస్తదని వాటిని ఆపుతూ 2021ల చట్టం చేస్తే 2022ల కోర్టు అడ్డుకున్నదని ఒకరు చెప్పిండ్రు. మనకది వర్తించదు. అయినా కులం, దేవుడు ప్రస్తావన వద్దన్న మాట మంచిదే, అవి రాయలే. ఫ్యామిలీ ఫొటో పెట్టమన్నరు కొందరు; పెట్టలే, ఆమె అడగనూ లేదు.