ఘట్‌కేసర్ దాటి ఇల్లు కొంటే ప్రశాంతత దక్కుతుందా?

కూకట్‌పల్లి అద్దెవాసి:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. నా ఆఫీసు రాయదుర్గంలో, మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు. అమ్మ, ఇద్దరు పిల్లలు మాతోనే ఉంటారు. మొన్న ఆదివారం పొద్దున ఘట్‌కేసర్ దాటాక ఒక వెంచర్‌లో 150 గజాల్లో కట్టిన ఇల్లు చూసొచ్చాం. వీధిలో చప్పుడే లేదు. ఎదురుగా వేపచెట్టు, గుమ్మం ముందు ముగ్గు వేసుకునేంత చోటు ఉన్నాయి. అమ్మ అరుగు మీద కూర్చుని, "ఇక్కడైతే నాకు ఊపిరాడుతుందిరా" అంది. అప్పటినుంచి ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

"రోజుకు నాలుగు గంటలు రోడ్డుకు పోస్తావా" అని మా తమ్ముడు కోప్పడుతున్నాడు. ఇప్పుడు కొనకపోతే ఇక ఈ జన్మలో కొనలేవని మామయ్య అంటున్నారు. అటువైపు నిజంగా ఉంటున్నవాళ్లు చెప్పండి, వెళ్లమంటారా, వద్దంటారా?

పోచారం తండ్రి:
నేను వద్దంటాను. 2018 నుంచి ఇటువైపే ఉంటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు ఇల్లు చూసింది ఆదివారం పొద్దున. ఒక మంగళవారం ఏడింటికి ఆ గుమ్మం నుంచి బయల్దేరి ఆఫీసుకు వెళ్లి చూడండి. ఉప్పల్ మెట్రో స్టేషనే అక్కడికి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు నేను వచ్చిన ఏడాదే మొదలయ్యాయి. ఇంకేముంది, రెండేళ్లలో కష్టాలు తీరిపోతాయని సంబరపడ్డాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ స్తంభాల మధ్య గుంతల్లో, దుమ్ములో బండి నడిపాను. వానాకాలంలో ఆ ఆరు కిలోమీటర్లకే గంట పట్టిన రోజులున్నాయి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కాక మాత్రం హాయి. 2019 నవంబరులో ఆ లైను రాయదుర్గం దాకా వచ్చింది కాబట్టి మీకు మారే పని కూడా ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పోవచ్చని ఇల్లు అమ్మేవాళ్లు చెప్తారు. ఔటర్ మొత్తం 158 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ తూర్పున ఉంది, మీ ఆఫీసు వైపు దిగాల్సిన గచ్చిబౌలి పడమర ఉంది. దాదాపు సగం రింగు తిరగాలి. ఆ పెట్రోలు, ఆ టోలు రోజూ పెట్టుకోగలమా?

ఇక ప్రశాంతత సంగతి. అది ఉంది, నేను కాదనను. కానీ ఈఎంఐ కట్టే నాకది అందలేదు. ఆరున్నరకు బయల్దేరతాను, తొమ్మిదికి ఇంటికొస్తాను. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ పిల్లలు నిద్రలోనే ఉంటారు. ఒకసారి జ్వరమొచ్చి బుధవారం ఇంట్లో ఉండిపోయాను. మా చిన్నది స్కూలుకు పోనని ఏడుపు. "నాన్న ఉన్నాడుగా, ఇవాళ ఆదివారం" అంది. దానికి నాలుగేళ్లు అప్పుడు. ఆ రోజు నుంచి నాకు ఈ ఇంటి మీద మనసు విరిగింది.

నాలుగిళ్లు మారాం:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆఫీసు దగ్గరుంటే సుఖమని అనుకోకండి. మాది మాదాపూర్‌లో అద్దె ఇల్లు. ఏడేళ్లలో నాలుగిళ్లు మారాం. ఒకసారి ఓనరు వాళ్ల అబ్బాయి పెళ్లి అన్నారు, ఇంకోసారి ఇల్లు పడగొట్టి హాస్టల్ కడతామన్నారు. ప్రతిసారీ గ్యాస్ అడ్రసు, పిల్లల బడి బస్సు, పాలవాడు, అన్నీ మళ్లీ మొదటినుంచి. నేను ఇరవై నిమిషాల్లో ఇంటికొస్తాను, నిజమే. కానీ వచ్చి ఏం చేయాలి? కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ బాత్రూం గొట్టాలు కనిపిస్తాయి. రాత్రి ఒంటిగంట దాకా కింద టిఫిన్ బండి దగ్గర హారన్లు మోగుతూనే ఉంటాయి. మా బాబుకు సైకిల్ కొన్నాం. తొక్కే చోటు లేక అది బాల్కనీలోనే తుప్పు పట్టింది. నాకు అవకాశమొస్తే ఘట్‌కేసర్ వెళ్లిపోతాను.

గోరింటచెట్టు అమ్మమ్మ:
బాబూ, మీ అమ్మగారి వయసుదాన్ని కాబట్టి ఆవిడ తరఫున నేనొక మాట చెప్తాను. మావారు రిటైరయ్యాక చిక్కడపల్లిలో ఇల్లు ఖాళీ చేసి ఇటు వచ్చాం. మొదటి ఆరు నెలలూ నాకు భయంతోనే గడిచాయి. పొద్దున పదయ్యేసరికి వీధి వీధంతా తాళాలే. ఆ నిశ్శబ్దం ఒక్కరోజు చూడ్డానికి బాగుంటుంది. పదకొండు నుంచి నాలుగు దాకా రోజూ దాంట్లోనే కూర్చోవాలంటే చెవులు గింగురుమంటాయి. కూరగాయల ఆటో మైకు వినిపిస్తే చాలు, కొనేది లేకపోయినా గేటు దాకా పరుగెత్తేదాన్ని. మనిషి గొంతు కదా!

తర్వాత మెల్లగా నాలాంటి వాళ్లం ఐదుగురం కలిశాం. మొదటి ఏడు బతుకమ్మకు పదకొండు మందిమి. ఇప్పుడు రెండు వరసలుగా తిరుగుతున్నాం. గోరింటాకు రోలు మా ఇంట్లోనే. నన్ను మళ్లీ చిక్కడపల్లి రమ్మంటే రాను.

కానీ ఒకటి చూసుకో. వెంచర్‌లో ప్లాట్లు అన్నీ అమ్ముడవుతాయి, ఇళ్లు మాత్రం అందరూ కట్టరు. రేటు పెరుగుతుందని కొని వదిలేస్తారు. ఆ ఖాళీ స్థలాల్లో పిచ్చిమొక్కలు పెరుగుతాయి, వానలకు పాములొస్తాయి. ఒక రాత్రి మావారికి గుండెల్లో నొప్పి వచ్చింది. వీధి పేరు రాసిన బోర్డు లేక అంబులెన్సు పక్క వెంచర్‌లో తిరుగుతూ ఉండిపోయింది. రెండో వీధి కుర్రాడు తన కారులో తీసుకెళ్లాడు. దేవుడి దయవల్ల బతికారు. నువ్వు ఆ ఇంటి దగ్గరికి రాత్రి ఎనిమిదింటికి వెళ్లి, ఎన్ని ఇళ్లల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టు. పది కూడా లేకపోతే మీ అమ్మను అక్కడ కూర్చోబెట్టకు.

ఏడింటి బస్సు:
అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ ఆఫీసు ఎక్కడో రాశారు, అమ్మ ఏమన్నారో రాశారు. వదిన స్కూలు ఎక్కడో రాయలేదు.

మేం ఇల్లు కొన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే జరిగింది. నా ఉద్యోగం సికింద్రాబాద్‌లో. 280 బస్సు ఉందిగా అన్నారు. ఉంది, 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు కూడా లేవు. నెలకు అంత డబ్బు మిగలడం నాకు చాలా పెద్ద విషయం. ఆ మేలు మర్చిపోను. కష్టం బస్సు దిగాకే. మెయిన్ రోడ్డు నుంచి మా వెంచర్‌కు మూడు కిలోమీటర్లు. ఎనిమిది దాటితే షేర్ ఆటో దొరకదు, దారిలో సగం దాకా లైట్లు లేవు, కుక్కలు గుంపులుగా ఉంటాయి. రోజూ మావారు స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్లేవారు. ఆయనకు వేరే ఊరు డ్యూటీ పడింది. రెండు నెలలు మా నాన్నను పిలిపించుకున్నాను. మూడో నెల రాజీనామా ఇచ్చేశాను. తొమ్మిదేళ్ల ఉద్యోగం ఆ మూడు కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది.

ఇల్లు బాగుంటుంది. నాకు ఇప్పుడు గులాబీలు, కరివేపాకు, జామచెట్టు అన్నీ ఉన్నాయి. అయినా వదినను అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

డోంబివలి తెలుగువాడు:
మా తాత కరీంనగర్ నుంచి భివండీ మగ్గాలకు వచ్చాడు. నేను ముంబయి శివారు డోంబివలిలో ఉంటూ ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్‌కు పోయొస్తాను. దాదాపు యాభై కిలోమీటర్లు, ఫాస్ట్ లోకల్‌లో గంటా పావు. రద్దీలో ఊపిరాడదు, తలుపు దగ్గర వేలాడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకని మాదేదో గొప్ప అని చెప్పను. కానీ ఒక బండి తప్పితే కొద్ది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. థానే దాకా రైలు 1853లోనే వచ్చింది. పట్టాలు పడ్డ చోట ఊళ్లు పెరిగాయి. మీ దగ్గర ఇళ్లు ముందొచ్చి, రైలు కోసం జనం ఎదురుచూస్తున్నారు. దూరం కన్నా అదే అసలు కష్టమని నాకనిపిస్తోంది.

పోచారం తండ్రి:
డోంబివలి అన్న చెప్పింది అక్షరాలా నిజం. నగరంలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003లో మొదలైంది. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి రైలు రావడానికి 2024 మార్చి దాకా పట్టింది. సికింద్రాబాద్ పోకుండా మౌలాలి, సనత్‌నగర్ మీదుగా వెళ్తుంది, హైటెక్ సిటీ స్టేషన్ దారిలోనే. మొదటివారం అందులో కిటికీ పక్కన కూర్చుని వెళ్లినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. కానీ రోజుకు నడిచేవి కొన్నే. సాయంత్రం మీటింగు పది నిమిషాలు ఎక్కువైతే మళ్లీ ఉప్పల్ దారే గతి. పావుగంటకొక బండి ఉంటే నేను పైన "వద్దు" అని రాసేవాణ్ణి కాదు.

కూకట్‌పల్లి అద్దెవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఏడింటి బస్సు అక్కా, మీ పోస్టు మా ఆవిడకు చూపించాను. తన స్కూలు నిజాంపేటలో, ఇప్పటి ఇంటికి దగ్గరే. ఆదివారం ఇల్లు చూసినప్పుడే ఆ సంగతి తన మనసులో మెదిలిందట, అమ్మ సంతోషం చూసి నోరు తెరవలేదట. నేను అడగనేలేదు. నిన్న రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం.

అడ్వాన్సు ఇవ్వడం లేదు. నిన్న ఎనిమిదింటికి అమ్మమ్మగారు చెప్పినట్టు వెళ్లి దీపాలు లెక్కపెట్టాను. యాభై పైచిలుకు ప్లాట్లున్న వెంచర్‌లో ఏడు వెలుగుతున్నాయి. వచ్చే వేసవి సెలవుల్లో అటువైపే అద్దెకుండి, నేను రోజూ ఆఫీసుకు వెళ్లి చూస్తాను. అప్పుడు మా ఆవిడ తన మాట చెప్తుంది. స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో రెండు బెడ్‌రూముల పోర్షన్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గ్రౌండ్ ఫ్లోర్ కావాలి. చుట్టూ మనుషులున్న వీధి అయితే చాలు, వేపచెట్టు లేకపోయినా ఫరవాలేదు.