రాయడం అలవాటైంది, నలుగురిలో మాట్లాడటం ఎలా?

అందరికీ నమస్కారం. మాది చిక్కడపల్లి. హైదరాబాద్ పాత గ్రంథాలయాల గురించి తెలుగులో బ్లాగు రాస్తుంటాను. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టి ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఇలాంటివన్నమాట.

ఈ రాత నాకు చాలా ఇచ్చింది. ముక్కూమొహం తెలియని పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినడం అలవాటైంది. ఏ సంవత్సరమైనా రెండు చోట్ల సరిచూసుకున్నాకే రాస్తాను. ఎవరైనా కటువుగా విమర్శిస్తే వెంటనే జవాబివ్వను. ఒక పూట ఆగి, అందులో నిజమెంతో చూస్తాను. ఈ ఓపిక ఆఫీసులో కూడా బాగా పనికొస్తోంది.

ఇప్పుడు మా కాలనీ పిల్లలకు ఈ విషయాలు ఓ అరగంట చెప్పమని అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను గానీ టెన్షన్‌గా ఉంది. రాసేటప్పుడు వాక్యం నచ్చకపోతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు. మాట్లాడేటప్పుడు ఆ వీలుండదు కదా! పదిమంది ముందు నిలబడగానే గొంతు తడారిపోతుంది.

రాయడం నుంచి మాట్లాడటంలోకి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. మొత్తం రాసుకుని చదవాలా, చీటీ మీద నాలుగు ముక్కలు పెట్టుకుని మాట్లాడాలా? పిల్లలకు 1908 మూసీ వరద లాంటి కథతో మొదలుపెడితే వింటారా? నారాయణగూడ చుట్టుపక్కల సాయంత్రంపూట తెలుగులో మాట్లాడటం సాధన చేసే బృందాలేమైనా తెలిస్తే ఆ వివరం కూడా ఇవ్వగలరు.