ఇంటి నుంచి పనిచేసేవారికి వీపీఎన్ నెమ్మదిస్తోంది: లైన్ పెంచాలా, పద్ధతి మార్చాలా?

ప్రశ్న:
విజయవాడ నుంచి చేనేత చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక సంస్థలో నెట్‌వర్క్ బాధ్యతలు చూస్తున్నాను. ఆర్డర్లు పెరిగాక కస్టమర్ కేర్, క్యాటలాగ్, అకౌంట్స్ విభాగాల్లో సుమారు 60 మంది గుంటూరు, ఏలూరు, హైదరాబాద్‌లలోని తమ ఇళ్ల నుంచే పనిచేస్తున్నారు. అందరూ ఆఫీసు రూటర్‌లో ఉన్న ఓపెన్‌వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి సురక్షిత దారి వేసే వీపీఎన్ సాఫ్ట్‌వేర్) ద్వారా, టీసీపీ (పోయిన డేటాను మళ్లీ పంపే పద్ధతి) 443 పోర్టు మీదుగా లోపలికి వస్తారు. సాయంత్రం ఆర్డర్లు జోరందుకునే వేళకు స్టాకు పేజీ తెరుచుకోవడమే గగనమవుతోంది. మొబైల్ హాట్‌స్పాట్ వాడేవారికైతే కనెక్షన్ పదేపదే తెగిపోతోంది. 200 ఎంబీపీఎస్ లైన్‌ను 500కు పెంచుదామని యాజమాన్యం అంటోంది. దసరా అమ్మకాలకు ముందు ఆ ఖర్చు సబబేనా?

మొదటి సమాధానం:
డబ్బు కట్టే ముందు ఆ వేళలో రూటర్ ప్రాసెసర్ ఎంత వాడకంలో ఉందో చూడండి. ఓపెన్‌వీపీఎన్ సాధారణంగా ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద ఎన్‌క్రిప్షన్ (డేటాను రహస్య రూపంలోకి మార్చడం) చేస్తుంది కాబట్టి, చిన్న రూటర్లలో లైన్ నిండకముందే ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. సిబ్బంది ఇంటర్నెట్ ట్రాఫిక్ మొత్తం ఆఫీసు మీదుగానే పోతోందా అన్నది కూడా తేల్చుకోవాలి. అలా పోతుంటే, ఇంట్లో కూర్చుని చూసే వీడియో మీటింగ్ సైతం మీ లైన్‌లోకి వచ్చి, మళ్లీ అదే లైన్ మీదుగా బయటికి పోతుంది. స్ప్లిట్ టన్నెల్ పెట్టి, ఆఫీసు సర్వర్ల అడ్రసులను మాత్రమే వీపీఎన్‌లోకి పంపండి. అయితే ఆఫీసు ఐపీ నుంచి మాత్రమే తెరుచుకునేలా కట్టడి చేసిన పేమెంట్ డ్యాష్‌బోర్డుల వంటివి ఉంటే, వాటిని టన్నెల్‌లోనే ఉంచాలి.

రెండవ సమాధానం:
హాట్‌స్పాట్ వారి ఇబ్బందికి టీసీపీయే కారణం కావచ్చు. ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో పోయినప్పుడు లోపలి టీసీపీ (వాడే అప్లికేషన్‌ది), బయటి టీసీపీ (వీపీఎన్‌ది) రెండూ మళ్లీ పంపడానికి పూనుకుంటాయి, దానితో ఆలస్యం పేరుకుపోతుంది. పోయినదాన్ని తనంతట తాను మళ్లీ పంపని యూడీపీకి మారండి; వీలైతే 2020లో లినక్స్ 5.6 కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్‌ను వేరే చిన్న సర్వర్ మీద పెట్టండి. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా అది తెగకుండా సాగుతుంది. కానీ దానికి పాస్‌వర్డ్, ఓటీపీ అంటూ ఏమీ ఉండవు, కీలే ఆధారం. ఉద్యోగి మానేసిన రోజే అతని కీ తొలగించే క్రమం లేకపోతే మాత్రం దాని జోలికి వెళ్లవద్దనే నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. సాయంత్రం ప్రాసెసర్ పూర్తిగా నిండిపోతోంది, లైన్ సగం కూడా నిండడం లేదు. స్ప్లిట్ టన్నెల్ పెట్టాక స్టాకు పేజీ బాగుపడింది. కానీ షేర్డ్ ఫోల్డర్‌లోని డేటాను తమ ల్యాప్‌టాప్‌లో తెరిచే అకౌంట్స్ వారికి మార్పేమీ లేదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
అది వేగం సమస్య కాదు, దూరం సమస్య. ఫైల్ షేరింగ్‌లో చిన్న పనికి కూడా సర్వర్‌తో అనేకసార్లు అటూ ఇటూ సంప్రదింపులు జరుగుతాయి కాబట్టి, ప్రతి సారీ కలిగే ఆలస్యం కలిసి భారమవుతుంది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు సర్వర్ మీదే నడిపి, వారికి వీపీఎన్ లోపల రిమోట్ డెస్క్‌టాప్ (ఆ సర్వర్ తెరను ఇంటి నుంచే చూస్తూ వాడే సదుపాయం) ఇవ్వండి. సులువు కదా అని రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును బయటికి తెరవవద్దు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ముఠాలు వెతికేది దాన్నే. వీపీఎన్ లాగ్‌లను (ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న రికార్డులు) 180 రోజులు దాచడం కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాలు అడిగేది అదే.