ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తూ వీణ కొనసాగించడం తప్పా?

మధురవాడ వీణ: ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం. తొమ్మిదేళ్లుగా వీణ నేర్చుకుంటున్నాను. ప్రాజెక్టుకి వీణ తీగ కంపనాలు తీసుకుంటానంటే ఇంట్లో గొడవ. లెక్చరర్ ఉద్యోగానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్ష అయ్యేదాకా వీణ అటకెక్కించమంటున్నారు. మీరేమంటారు?

గాజువాక నాన్న: ఇంట్లో చెప్పిందే సరి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకు తల్లీ.

పాత మాస్టారు: ఉన్నది ఒకటే పడవండీ. మన విశాఖలోనే చిన్నప్పుడు చదువుకున్న సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ సైన్స్ పత్రికలో మృదంగం, తబలాల గురించి రాశారు. ఉత్త చర్మం మీద కొడితే వచ్చే నాదాలు ఒకదానితో ఒకటి కలవవు. మధ్యలో వేసే నల్లటి ముద్ద బరువు వల్ల అవి మూల శ్రుతికి రెండింతలు, మూడింతలుగా వరుసలో పడతాయి. వీణనీ పరిశీలించారు. తీగను సరిగ్గా సగంలో మీటితే సరిసంఖ్య హార్మోనిక్స్, అంటే మూల శ్రుతికి రెండింతలు, నాలుగింతలుగా ఉండే నాదాలు, రాకూడదు. వీణలో వస్తాయి! తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) పైభాగం వంపుగా ఉండి తీగ దాన్ని రాసుకుంటూ కంపించడమే కారణం. ఇది ఫిజిక్స్ కాదా?

గాజువాక నాన్న: రామన్ ముందు ఫైనాన్స్ శాఖలో ఉద్యోగం సంపాదించుకున్నారు. తర్వాతే ఇవన్నీ.

పాత మాస్టారు: 1917లోనే అది వదిలేశారు. జీతం తగ్గినా ప్రొఫెసరుగా వెళ్లారు.

గాజువాక నాన్న: 1907లో చేరారు కాబట్టే వదలగలిగారు!

సీతమ్మధార: పాప అడిగింది తన సంగతి. రామన్ గారి ఉద్యోగం గురించి కాదు.

గాజువాక నాన్న: మాస్టారూ, మీకు పెన్షన్ వస్తుంది, ఎన్నైనా చెప్తారు. నేను వయొలిన్ పిచ్చిలో పడి డిగ్రీలో రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. ఆ బాధ మీకేం తెలుసు?

పాత మాస్టారు: ఎంసెట్ కోసం మా అమ్మాయి చేత పాట మాన్పించింది నేనేనండీ. సీటు వచ్చింది. ఇప్పుడు ఇంటికొస్తే కూనిరాగం కూడా తీయదు. ఈ బాధ మీకు తెలుసా?

మధురవాడ వీణ: అంకుల్, అసలు సంగతి మార్కులు కాదు. వచ్చే ఏడాది నాన్న రిటైరవుతున్నారు. నాకు ఒక్క సంవత్సరం వృథా అయినా ఇల్లు గడవదని ఆయన టెన్షన్.

గాజువాక నాన్న: ఈ మాట ముందే చెప్పాల్సింది తల్లీ. అయితే ప్రాజెక్టు వీణ మీదే చెయ్యి, అదీ చదువే కదా. కచేరీలు మాత్రం ఆపు.

పాత మాస్టారు: సాధన ఆపకమ్మా. రోజూ అరగంటైనా చెయ్యి.

మధురవాడ వీణ: కచేరీలు ఎప్పుడో ఆపేశాను మాస్టారూ. ఇప్పుడు గొడవంతా ఆ అరగంట గురించే.