చూపు తగ్గిన అత్తమ్మ కోసం పెరట్లో ఏ మొక్కలు పెట్టాలి?

కావలి పెరడు:
మా అత్తమ్మకు నీటికాసులతో చూపు దాదాపు పోయింది. ఇంటెనక మూడు సెంట్లు ఖాళీ, ఇసుక నేల. గోడ పట్టుకోకుండా వాసనతో, చేతి స్పర్శతో, చప్పుడుతో తనే తిరిగేటట్టు, బయటి దేశాలవి కాకుండా మన నేల మొక్కలే వేయాలని ఉంది. యాడ మొదలుపెట్టాలి?

కనిగిరి మెట్ట:
మలుపుకొక వాసన పెట్టండక్కా, కలపొద్దు. మా నాయన కోసం మల్లె, సంపెంగ, పారిజాతం పక్కపక్కనే నాటాం. "అంతా ఒకటే వాసన, నేను యాడున్నానో తెలీట్లేదురా" అన్నాడు. విడదీసి మళ్ళీ నాటాం. ఇప్పుడు మెట్ల దగ్గర పారిజాతం ఒక్కటే. దాని ఆకు గరుకు కాగితంలా ఉంటుంది. పూలు లేని నెలల్లోనూ ఆకు తడిమి, మెట్లొచ్చాయని ఆగుతాడు.

ఉదయగిరి వాలు:
ముందు వద్దనేవి చెప్తా. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుందని అందరూ అడుగుతారు గానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చింది, పైగా ముళ్ళు. మొగలి మన సముద్రపు ఒడ్డుదే, ఇసుకలో బాగా వస్తుంది, అయితే ఆకు అంచంతా ముళ్ళే. పెడితే దారికి దూరంగా, కంచె వారన పెట్టండి.

సుగంధిపాల తీగ వేయండి. వేరు వాసన నన్నారి షర్బత్ తాగినవాళ్ళందరికీ తెలుసు. కొండల్లో పీక్కురావద్దు, నర్సరీ మొక్క తెచ్చుకోండి.

ఒంగోలు నల్లరేగడి:
దారి గురించి ఒక మాట. మేము చీమకుర్తి నల్లరాయి ముక్కలు పరిచాం. మే నెలలో పొద్దున పదింటికే పెనంలా కాలాయి, అమ్మ అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. తీసేసి మట్టి దారి కొట్టి, రెండు వైపులా ఇటుక అంచు కట్టాం, కర్రకు తగులుతూ ఉంటుంది. నీడకు పొగడ వేశాం. రాలిన పూలు ఎండినా వాసన పోదు, అమ్మ దిండు కింద పెట్టుకుంటుంది.

కావలి పెరడు:
వట్టివేరు ఎట్టా అన్నా? తొట్టి పక్కన నీళ్ళు ఊరికే పోతున్నాయి.

ఒంగోలు నల్లరేగడి:
దానికి సరైన చోటే. కాకపోతే వాసన వేరులో, ఆకులో కాదు. ఆకు అంచు చేతికి కోసుకుంటుంది, ఆమెకు అందేచోట పెట్టొద్దు. ఏడాది దాటాక వేర్లు తీసి కుండ నీళ్ళలో వేయండి.

కనిగిరి మెట్ట:
చప్పుడుకు గిలిగిచ్చ. కాయ ఎండితే లోపల గింజలు గలగలమంటాయి. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. రావి ఆకుల గలగల ఇంకా బాగుంటుంది గానీ వేర్లు గోడ పగలగొడతాయి.

నాటడం మాత్రం అక్టోబరులో. మనకు పెద్ద వానలు అప్పుడే.

కావలి పెరడు:
పక్కింట్లో పారిజాతం ఆకు కోసి అత్తమ్మ చేతికిచ్చా. చాలాసేపు వేలితో రుద్దింది. "మెట్లు నాకు తెలుసులే, దీన్ని పంపు దగ్గర పెట్టు. జారేది అక్కడే" అంది. పంపు దగ్గరే గుంత తీస్తున్నా.