అప్‌డేట్: జడ్చర్ల దగ్గర మా ఫౌండ్రీకి సీఎఫ్ఈ (కట్టుకునే పర్మిషన్) వచ్చింది

అన్నలూ, చిన్న కుపోలా ఫౌండ్రీ (కోక్‌తోని ఇనుము కరిగించే నిలువు కొలిమి ఉండే పోత షెడ్డు) పెట్టడానికి పొల్యూషన్ బోర్డు పర్మిషన్ ఎట్ల తీసుకోవాలని అడిగిన కదా, సీఎఫ్ఈ చేతికొచ్చింది, జవాబిచ్చినోళ్లందరికీ మస్తు థ్యాంక్స్. టీజీఐపాస్‌లనే (పరిశ్రమల పర్మిషన్లకు రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) అప్లై చేసినం. ఫారం నింపుడు పెద్ద పనేం కాదు, అసలు పని పొగగొట్టం దగ్గరనే ఉంది. గంటకు 3 టన్నుల లోపు కరిగిస్తే దుమ్ము 450 మిల్లీగ్రాములు దాటొద్దు (ఘనమీటరు గాలికి), 3 టన్నులు, ఆపైన అయితే 150కే ఆపాలె, ఇండక్షన్ ఫర్నేస్‌కు (కరెంటుతోని కరిగించే కొలిమి) కూడా 150నే. ఇంకోటి, ఛార్జింగ్ డోర్ (సరుకు లోపలేసే తలుపు) పైనుంచి గొట్టం కుపోలా వ్యాసానికి కనీసం ఆరింతలుండాలె. మాది రెండడుగులది, అంటే 12 అడుగులన్నట్టు, అందుకే డ్రాయింగ్‌లనే కొలతలేసి శాంపిల్ తీసే రంధ్రం, నిచ్చెన, నిలబడే ప్లాట్‌ఫాం అన్నీ చూపించినం, మీరు కూడా షెడ్డు లేపకముందే ఇది చూస్కోండి, తర్వాత కోసి అతికించుడంటే డబ్బులు దండగ. ఈ సీఎఫ్ఈ కట్టుకోనీకి పర్మిషనే, నడపనీకి సీఎఫ్ఓ వేరే తీసుకోవాలె. అది రానిది కుపోలా ముట్టియ్యం, చుట్టూ పత్తి చేన్లు, ఇండ్లు ఉన్నయి. స్క్రబ్బర్ (పొగల దుమ్మును నీళ్లతోని కడిగే మిషన్) కొటేషన్లు తెప్పిస్తున్న, ఈ పక్క ఎవరన్నా పెట్టించి ఉంటే ఎట్ల పనిచేస్తుందో చెప్పండన్నా.