నరాల నీరసం: ఆడవాళ్ళ మీద వేసిన ముద్రా, అందరి జబ్బా?

వేపచెట్టు:
న్యూరస్తీనియా గురించి చదువుతున్నాను. తెలుగులో నరాల నీరసం అనుకోవచ్చు. నిద్ర పట్టదు, తలనొప్పి, అజీర్తి, ఏ పనికీ ఒళ్ళు సహకరించదు. వీటన్నిటినీ 19వ శతాబ్దపు అమెరికా డాక్టర్లు ఒకే పేరు కింద కలిపేశారు. నా మాట సూటిగా చెప్తాను: చదువుకుంటున్న ఆడవాళ్ళను మంచానికి కట్టేయడానికి పెట్టిన పేరిది. కాదంటే చెప్పండి.

పాతపేపర్:
కాదనే అంటాను మేడమ్. 1869లో ఈ పేరును జనంలోకి తెచ్చిన న్యూయార్క్ డాక్టర్ జార్జ్ బియర్డ్ లెక్కలో ఇది బుర్రతో బతికేవాళ్ళ జబ్బు. మగవాళ్ళెవరూ దాచుకోలేదు. మన ఆఫీసర్లు "పని టెన్షన్‌తో బీపీ వచ్చిందండీ" అన్నట్టు కాస్త దర్జాగానే చెప్పుకున్నారు. తత్త్వవేత్త విలియం జేమ్స్ కూడా తనకుందన్నవాడే. అంతెందుకు, మన ఊళ్ళ గోడల మీద "నరాల బలహీనత" అని రాసేది ఆడవాళ్ళ కోసమా?

వేపచెట్టు:
గోడల సంగతి ఒప్పుకున్నా :) కానీ అదే బియర్డ్ 1881లో దీనికి ఐదు కారణాలు చెప్పాడు: ఆవిరి యంత్రం, పత్రికలు, టెలిగ్రాఫ్, సైన్సు, ఐదోది ఆడవాళ్ళు బుర్ర వాడటం. రైలింజను పక్కన మమ్మల్ని నిలబెట్టాడు. మగవాళ్ళ బుర్ర ఆ వరసలో ఎందుకు లేదు సార్?

గోదారిగట్టు:
పేరు దగ్గర కొట్టుకుంటే తేలదు, మందుచీటీ చూడండి. ఫిలడెల్ఫియాలో సైలస్ వియర్ మిచెల్ అని పెద్ద నరాల డాక్టరు. ఆయన "విశ్రాంతి చికిత్స"లో రోగి, ఎక్కువగా ఆడమనిషి, వారాల తరబడి మంచం దిగకూడదు. మొదట్లో లేచి కూర్చోకూడదు, కుట్టుపని వద్దు, చదవడం, రాయడం వద్దు. సొంత చేత్తో చేసుకోనిచ్చింది పళ్ళు తోముకోవడం ఒక్కటే. పాలు తాగించడం, ఒళ్ళు పట్టడం, కండరాలకు సన్నగా కరెంటు పెట్టడం అన్నీ పక్కవాళ్ళే.

1887లో షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ అనే రచయిత్రి ఆయన దగ్గరికి వెళ్ళింది, చంటిబిడ్డ తల్లి. ఇంటికి పంపేటప్పుడు ఆయన చెప్పిందేమిటో ఆమే తర్వాత రాసింది: ఇంటిపట్టునే ఉండు, బిడ్డను ఎప్పుడూ దగ్గరే పెట్టుకో, బుర్రపని రోజుకు రెండు గంటలు చాలు, కలం, కుంచె, పెన్సిలు జన్మలో ముట్టుకోకు. అలా నెలలు గడిపి మతి పోయే అంచుదాకా వెళ్ళింది.

అదే మిచెల్ రెండేళ్ళ ముందు, 1885లో, హార్వర్డ్‌లో చదివిన ఓవెన్ విస్టర్‌ను వయోమింగ్ పంపాడు. గుర్రమెక్కు, వేటాడు, తిరుగు. అక్కడ చూసిందే సరుకుగా ఆ పిల్లాడు నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు.

పాతపేపర్:
ఒప్పుకుంటాను, అది అన్యాయమే. కానీ డబ్బు మాట మర్చిపోతున్నారు. వారాల తరబడి నర్సును పెట్టుకుని పడుకోగలిగింది ఎవరు? మిల్లులో పనిచేసే ఆడమనిషిని పడుకోమన్నవాడే లేడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో ఇద్దరూ ఒకే రకంగా కుంగిపోయినా, ఆఫీసరుకైతే న్యూరస్తీనియా అని, సిపాయికైతే హిస్టీరియా అని రాయడం మామూలు. ఇద్దరూ మగవాళ్ళే కదా.

వేపచెట్టు:
సిపాయిని తక్కువ చేయాలంటే హిస్టీరియా అని ఆడవాళ్ళ జబ్బు పేరే కావాల్సొచ్చింది చూడండి.

తుమ్మెద:
ఇద్దరూ బియర్డ్‌నే పట్టుకున్నారు. అదే 1869లో ఇదే పేరు వాడిన ఇంకో డాక్టరున్నాడు. మిషిగన్‌లోని కలమజూ పిచ్చాసుపత్రి పెద్ద, ఎడ్విన్ వాన్ డ్యూసన్. ఆయన చూసింది లాయర్లను కాదు, రైతుల భార్యలను. ఊరికి దూరంగా పొలంలో ఒక్క ఇల్లు, మాట్లాడే దిక్కు లేదు, తెల్లారితే చాకిరీ. చరిత్ర మాత్రం న్యూయార్క్ ఆయన్నే గుర్తుపెట్టుకుంది.

వేపచెట్టు:
ఈ కలమజూ సంగతి నాకు తెలీదు. మొదటి పోస్టులో "చదువుకుంటున్న" అన్న మాట తీసేస్తున్నాను. "మంచానికి కట్టేయడం" మాత్రం అలాగే ఉంచుతాను.